సర్రే కొండల డొంకదారులు

లండను మహానగరమునకు నైరుతి దిక్కుగా రైలుబండిలో గంటసేపు ప్రయాణము చేసినచో డార్కింగ్ అను చిన్న పట్టణము వచ్చును. దానికి దక్షిణమున సర్రే సీమలోకెల్ల ఎత్తయిన కొండ కలదు. పేరు లీత్ హిల్. ఎత్తు సముద్రమట్టమునకు 294 మీటర్లు. అంకెను మాత్రమే చూచిన యెడల ఇదియు నొక కొండయేనా యని నవ్వు రావచ్చును. కాని సైకిలు త్రొక్కుచు ఒకమారు దాని నెక్కినవాడు మరల ఆ నవ్వు నవ్వడు.

మేము ఇచ్చట చెప్పదలచినది ఆ కొండ యెత్తును గూర్చి కాదు. ఆ కొండల నడుమ, చెట్ల నీడలలో, ఒక్కొక్కప్పుడు చాలసేపటివరకు ఒక్క మోటారుబండియైనను ఎదురుపడని సన్నని బాటలను గూర్చి. ఎనుబది లక్షలకు పైబడిన జనముగల నగరము చెంతనే ఇంత నిశ్శబ్దము ఎట్లు నిలిచినది? దానిని వెదకి పట్టుకొనుట యెట్లు? పట్టుకొన్నవారు దానిని చెడగొట్టకుండుట యెట్లు? ఈ మూడు ప్రశ్నలే మా విషయము.

మొదటి ప్రశ్నకు సమాధానము భూమిలోనే యున్నది. ఆగ్నేయ ఇంగ్లండులోని నేలపొరలు ఒకానొక కాలమున గుమ్మటమువలె ఉబ్బి పైకి లేచినవి. యూరపు ఖండమున ఆల్ప్సు పర్వతములను పైకెత్తిన ఒత్తిడియే ఈ యుబ్బునకును కారణము. పిమ్మట లక్షలకొలది సంవత్సరములు వానయు మంచును ఆ గుమ్మటపు నెత్తిని అరుగదీసినవి. పైపొరయైన సుద్దరాయి నడుమ కొట్టుకొనిపోయి, ఉత్తరమున నొక యంచు, దక్షిణమున నొక యంచు మిగిలినవి. ఉత్తరపుటంచునకు నార్త్ డౌన్స్ అని పేరు. దానికి దక్షిణముగా, సుద్దకు క్రిందిపొరయైన ఇసుకరాయి మఱియొక కొండవరుసగా బయలుపడినది. లీత్ హిల్ ఈ యిసుకరాతి వరుసలోనిది. అంతకును దక్షిణమున బంకమన్ను నేల. వీల్డ్ అను పల్లపు ప్రాంతము.

ఈ రెండు కొండవరుసలును ఉత్తరమువైపు మెల్లగా వాలి, దక్షిణమువైపు గోడవలె తెగియుండును. కావున లండను వైపునుండి దక్షిణమునకు పోవు సైకిలువాడు తనకు తెలియకుండనే పైకెక్కి, ఒక్కసారిగా క్రిందికి జారును. సాయంకాలము ఇంటిమొగము పట్టినప్పుడు, కాళ్ళలో సత్తువ ఉడిగిన వేళ, ఆ గోడలే యెదురుగా నిలుచును. ఉదయమున తీసికొన్న అప్పును సాయంకాలమున వడ్డీతో తీర్చినట్లుండును.

రెండు వరుసల నడుమనున్న లోయలో టిల్లింగ్‌బోర్న్ అను చిన్న యేరు పడమరగా పారుచున్నది. పెద్దరస్తాయు రైలుమార్గమును తూర్పుపడమరలుగా ఆ లోయ వెంబడినే సాగినవి. బరువుబండ్లును, తొందరగల ప్రయాణికులును ఆ దారినే పోవుదురు. మనకు కావలసినవి దానికి అడ్డముగా, ఉత్తరదక్షిణములుగా కొండలను దాటు దారులు. ఇవి ఎవరును పటముపై గీత గీసి వేసినవి కావు. లోయలోని ప్రాచీన గ్రామముల హద్దులు ఉత్తరదక్షిణములుగా పొడవైన పట్టీలవలె నుండెడివి. ప్రతి యూరికిని సుద్దకొండపై మేతబీడు, లోయలో పంటపొలము, దక్షిణపు టడవిలో కట్టెయు సమకూడునట్లు పూర్వులు ఆ యేర్పాటు చేసికొనిరి. శరత్కాలమున ఓకుచెట్ల కాయలు రాలినప్పుడు పందుల మందలను మేతకై ఆ యడవికి తోలుకొనిపోవు అలవాటుండెను. అట్లు మందలు నడచిన దారులు పెక్కు నేటికిని నిలిచియున్నవి.

రెండువైపుల కంచెలతో, పశువులును బండ్లును పోవుటకు మాత్రము చాలిన సన్నని దారిని మన పల్లెలలో డొంక యందురు. సర్రే దారులకు అంతకంటె తగిన మాట మాకు దొరకలేదు. అయితే ఆ డొంకలు నేలలోనికి దిగియుండును. ఇసుకరాయి మెత్తనిది. వందల యేండ్లు గిట్టలును చక్రములును దానిని నలుగగొట్టినవి. ప్రతి వానకును నీరు ఆ పొడిని కడిగి తీసికొనిపోయినది. అందుచే దారి తరతరమునకు క్రిందికి దిగినది. కొన్నిచోట్ల ఇరుప్రక్కల గట్లు రెండు నిలువుల యెత్తుండును. గట్లపైనున్న బీచి, హేజెల్, యూ వృక్షముల వేళ్ళు మట్టి జారిపోయి పాములవలె బయటికి వ్రేలాడుచుండును. కొమ్మలు పైన కలిసికొని కప్పు వేయును. మిట్టమధ్యాహ్నమున గూడ లోపల మసకవెలుతురే. ఇట్టి దారిని వెడల్పు చేయవలెనన్నచో గట్టును, చెట్టును, వేరును అన్నిటిని త్రవ్విపోయవలెను. కావుననే వెడల్పు చేయలేదు. వెడల్పు కాలేదు గనుకనే పెద్దబండ్లు రాలేదు.

ఇంకొక కారణము కలదు. ఇసుకనేల సారములేనిది. పంటకు పనికిరానిచోట అడవి నిలిచినది. ఇంగ్లండులో అడవి మిక్కిలిగా గల సీమలలో సర్రే మొదటి వరుసలో లెక్కింపబడుచున్నది. అడవి యున్నచోట ఊళ్ళు తక్కువ. ఊళ్ళు తక్కువైనచోట బండ్లు తక్కువ. ఈ విధముగా మెత్తని రాయి, బీదనేల, నిటారు వాలు అను మూడును కలిసి నిశ్శబ్దమును కాపాడినవి. ఇచ్చట నిశ్శబ్దము ఊరక దొరకదు. మోకాళ్ళ నొప్పిని వెలగా చెల్లించి కొనవలెను.

ఇక రెండవ ప్రశ్న. ఇట్టి దారిని వెదకుటకు ఆర్డ్‌నెన్స్ సర్వే శాఖవారి పటమును మించిన సాధనము లేదు. రెండు సెంటీమీటర్లకు ఒక కిలోమీటరు చొప్పున గీచిన పటములలో 187వ సంఖ్యగల దానియందు డార్కింగ్ ప్రాంతము కనబడును. అందు పెద్దరస్తాలు ఎఱ్ఱగా, వానికి తరువాతివి నారింజరంగులో, చిన్నదారులు పసుపుపచ్చగా నుండును. పసుపుదారులలో గూడ నాలుగు మీటర్లకు మించి వెడల్పు గలవి లావుగాను, అంతకు తక్కువైనవి సన్నముగాను గీయబడినవి. మనకు కావలసినది సన్నని పసుపుగీత. అది ఆకుపచ్చని అడవిగుర్తు నడుమనుండి పోవుచున్నచో మఱియు మేలు.

తరువాత సమోన్నత రేఖలను చూడవలెను. ఒక్కొక్క రేఖకు పది మీటర్ల యెత్తు భేదము. గీత ఆ రేఖలను దగ్గరదగ్గరగా కోసికొనుచు పోయిన యెడల ఎక్కుడు కఠినమని తెలిసికొనవలెను. దారిపై ఒక బాణపు గుర్తున్నచో ఏడు మీటర్లకు ఒక మీటరు మొదలుకొని ఐదు మీటర్లకు ఒక మీటరు వరకు వాలు. రెండు బాణములున్నచో అంతకంటెను నిటారు. రెండు బాణముల చోట సైకిలు దిగి నడచుట సిగ్గుమాలినపని కాదు. పటము చెప్పని మాట యొకటి అనుభవము చెప్పును: ఎఱ్ఱదారికి సమాంతరముగా పోవు పసుపుదారిని నమ్మరాదు. పెద్దరస్తాపై బండ్లు నిలిచిపోయిన క్షణమున తొందరపాటువారందరును దానిలోనికి దూరుదురు. కొండను అడ్డముగా దాటు దారికి ఆ భయము తక్కువ.

ఒక దారిని ఉదాహరణముగా చెప్పెదము. డార్కింగ్ నుండి కోల్డ్‌హార్బర్ గ్రామమునకు ఐదారు కిలోమీటర్ల ఎక్కుడు. చెట్లనీడ విడువదు, వాలు కఠినము కాదు, కాని తెంపులేదు. ఊరిలో సైకిలు నిలిపి కాలినడకను లీత్ హిల్ శిఖరమునకు పోవచ్చును. అచ్చట 1765వ సంవత్సరమున రిచర్డ్ హల్ అను గృహస్థు ఒక బురుజు కట్టించెను. బురుజు తలపై నిలిచినవాడు సముద్రమట్టమునకు వేయి యడుగులకు పైన నుండును. హల్ తన కోరిక ప్రకారము ఆ బురుజు క్రిందనే పాతిపెట్టబడెను. తేటయైన దినమున ఉత్తరమున లండను నగరమును, దక్షిణమున కొండల సందునుండి సముద్రపు తళుకును కనబడును.

కొండకు దక్షిణపు వాలున లీత్ హిల్ ప్లేస్ అను ప్రాత భవనమున్నది. ఛార్లెస్ డార్విన్ సోదరి యిల్లది. వానపాములు మట్టిని పైకి తెచ్చుచు రాళ్ళను నేలలోనికి దింపుట యెట్లో డార్విన్ పరిశీలించిన చోట్లలో ఇదియొకటి. ఆ పరిశీలనలను ఆయన 1881లో గ్రంథముగా ప్రకటించెను. సంగీతకర్త రాల్ఫ్ వాన్ విలియమ్స్ బాల్యము గడచినదియు నీ యింటనే.

అచ్చటినుండి హోంబరీ సెయింట్ మేరీ, పీజ్‌లేక్ గ్రామముల మీదుగా అడవిలో పైకిని క్రిందికిని పోవుచు షీర్ గ్రామమున లోయలోనికి దిగవలెను. ఏప్రిల్ కడపటి నుండి మే నడుమ వరకు ఈ యడవుల నేల నీలిపూలతో నిండియుండును. చెట్లకు ఆకు పూర్తిగా రాకముందే, వెలుతురు నేలకు తాకుచుండగనే ఆ పూలు పూచి ముగియును. అటుపై లోయలో తూర్పుగా తిరిగి, కొంతదూరము పెద్దరస్తాపై జాగ్రత్తగా పోయినచో ఆబింజర్ హేమర్ అను ఊరు వచ్చును. హేమర్ అనగా సమ్మెట. పూర్వము ఇచ్చట ఏటినీటి బలముతో సమ్మెటలు ఇనుమును సాగగొట్టెడివి. నేటికిని రస్తాపైకి వ్రేలాడు గడియారమున ఒక కమ్మరి బొమ్మ గంటగంటకు సమ్మెటతో గంట కొట్టుచుండును.

ఈ లోయ యెల్లప్పుడును ఇంత నెమ్మదిగా నుండెడిదని అనుకొనరాదు. ఇనుప సమ్మెటల మ్రోత ఇట్లుండగా, ఏటికి దిగువన చిల్వర్త్ వద్ద ఈస్టిండియా కంపెనీవారు 1626లో తుపాకిమందు మరలను నెలకొల్పిరి. అంతకు పదునైదేండ్లకు ముందే, అనగా 1611లో, ఆ కంపెనీవారే మన మచిలీపట్టణమున వర్తకశాల తెఱచియుండిరి. తుపాకిమందునకు ముఖ్యద్రవ్యమైన సురేకారమునకు ఇంగ్లండు చిరకాలము మన దేశముపై ఆధారపడినది. చిల్వర్త్ మరలు చేతులు మారుచు నడచి 1920లో మూతపడినవి. నేడు ఆ శిథిలములపై చెట్లు మొలచినవి. నేటి నిశ్శబ్దము ప్రకృతి యిచ్చినది మాత్రమే కాదు. మనుష్యులు ఒకప్పుడు పోగొట్టుకొని తిరిగి పొందినది.

ఆబింజర్ హేమర్‌కు మన ప్రాంతముతో మఱియొక చుట్టరికము గలదు. నవలా రచయిత ఇ.ఎం.ఫోర్‌స్టర్ 1946 వరకు చాలయేండ్లు ఇచ్చట నివసించెను. భారతదేశమును గూర్చి ఆయన 1924లో ప్రకటించిన ప్రసిద్ధ నవల తన మిత్రుడు సయ్యద్ రాస్ మసూద్‌కు అంకితము. మసూద్ ఆ కాలమున హైదరాబాదు సంస్థానమున విద్యాశాఖకు అధిపతి. 1921లో ఫోర్‌స్టర్ హైదరాబాదునకు వచ్చి ఆయనకు అతిథిగా నుండెను. ఆ నవలపై వచ్చిన ధనముతో ఫోర్‌స్టర్ ఆబింజర్‌లో ఒక చిన్న యడవిని కొనెను. ఆ యడవి తనదైన పిమ్మట తన మనస్సున పుట్టిన మార్పులను 1926లో ఒక వ్యాసమున తానే పరిహసించుకొనెను. నడుమ కాలిబాట పోవుచున్నందున ఎవరెవరో వచ్చి పండ్లు కోసికొనుచుండగా ఆయనకు మనస్సు చివుక్కుమనెను. అడవిపై ప్రేమ యెచ్చట ముగిసి, నాది యను పట్టుదల యెచ్చట మొదలగునో తేల్చుట కష్టము. తుదకు ఆ యడవి నేషనల్ ట్రస్టు అను ప్రజాసంస్థకు చేరినది. ఈ కథ మన మూడవ ప్రశ్నకు పనికివచ్చును.

ఆబింజర్ నుండి దక్షిణముగా కొండనెక్కి ఫ్రైడే స్ట్రీట్ అను కుగ్రామమును, దాని చెఱువును చూచి, మరల కోల్డ్‌హార్బర్ మీదుగా డార్కింగ్ చేరవచ్చును. మొత్తము సుమారు 40 కిలోమీటర్లు. దగ్గరనే వాటన్ అను చోట 1620లో జాన్ ఈవ్లిన్ పుట్టెను. నౌకలకును కొలుములకును చెట్లు నఱికి దేశము బోడియగుచున్నదని చింతించి, చెట్లు నాటుడని బోధించుచు ఆయన 1664లో సిల్వా యను గ్రంథమును ప్రకటించెను. సమ్మెటల లోయలో పుట్టినవానికి ఆ చింత కలుగుట సహజమే.

ప్రయాణమునకు కావలసిన సామగ్రి కొంచెమే. తేలికగా త్రొక్కుటకు వీలగు చిన్న గేరు, మంచి బ్రేకులు, పగలును వెలుగు దీపములు, గంట, ఒక ట్యూబు, గాలిపంపు. సుద్దకొండలలో చెకుముకిరాళ్ళు మెండు. వాన వెలిసిన తరువాత వాని పదునైన పెచ్చులు దారిపైకి కొట్టుకొనివచ్చి టైర్లను కోయును. ఆకురాలు కాలమున తడియాకులు నూనెపూసిన పలకవలె జారును.

సైకిలువారికి ఈ సీమ క్రొత్తది కాదు. 1885లో కావెంట్రీ నగరమున జాన్ కెంప్ స్టార్లీ ఇంచుమించు సమానమైన రెండు చక్రముల సైకిలును తయారుచేసెను. 1888లో డన్‌లప్ గాలిటైరునకు పేటెంటు పొందెను. ఆ 1888లోనే ఒక చట్టము సైకిలును బండిగా గుర్తించి, రస్తాపై దానికి హక్కు నిచ్చినది. ఆ దశాబ్దములలో లండను నుండి సర్రేలోని రిప్లీ గ్రామమునకు ఆదివారమునాడు సైకిళ్ళు వేలకొలదిగా పోయెడివి. 1898లో, రిప్లీకి చెంతనున్న ఆకమ్ గ్రామమున, సైకిలు త్రొక్కుటకు అనువుగా చల్లడమువంటి దుస్తులు ధరించి వచ్చిన లేడీ హార్బర్టన్ అను ఆమెను పూటకూళ్ళయింటి యజమానురాలు భోజనశాలలోనికి రానీయలేదు. సైకిలు యాత్రికుల సంఘము మరుసటి యేట న్యాయస్థానమునకెక్కి ఓడిపోయినది. తీర్పు ఎట్లున్నను స్త్రీలు సైకిలు మానలేదు, దుస్తులే మారినవి.

హక్కు కలిగినను అపాయము తొలగలేదు. 1934లో గ్రేట్ బ్రిటనున రస్తా ప్రమాదములలో 7,300 మందికి పైగా చనిపోయిరి. నేటికిని ఆ దేశమున వేరు నియమము లేని యెడల, రెండువైపుల గట్లు తాకు డొంకలో గూడ చట్టము ప్రకారము మోటారుబండికి గంటకు 60 మైళ్ళ వరకు వేగమునకు అనుమతి గలదు. 2000వ సంవత్సరపు రవాణా చట్టము కొన్ని దారులను నిశ్శబ్ద మార్గములుగా ప్రకటించుటకు స్థానిక సంస్థలకు అధికార మిచ్చినది. 2022 జనవరిలో మార్చిన రస్తా నియమావళి, సైకిలును దాటి పోవు బండి కనీసము ఒకటిన్నర మీటరు దూరము విడువవలెనని చెప్పుచున్నది. మూడు మీటర్ల డొంకలో ఒకటిన్నర మీటరు విడుచుట సాధ్యము కాదు. కావున అచ్చట ఓర్పు ఒక్కటే నియమము.

అయితే తప్పంతయు మోటారువారిదే యనుట న్యాయము కాదు. ఒక శరత్కాలపు ఉదయమున మేము మిత్రునితో కలిసి ఇట్టి డొంకలో దిగుచుంటిమి. బండ్లు లేవు, వేగము హాయిగా నుండెను. మలుపు తిరిగినంతనే ఎదుట ఒక వృద్ధురాలు గుఱ్ఱముపై వచ్చుచుండెను. బ్రేకు పట్టితిమి, తడియాకులపై చక్రము జారి గట్టునకు ఒరిగిపడితిమి. గుఱ్ఱము బెదరి రెండు కాళ్ళపై లేచెను. ఆమె ఎట్లో దానిని సముదాయించి, మాకు దెబ్బ తగిలెనాయని ముందుగా అడిగెను. పిదప మెల్లగా ననెను: “దూరమునుండియే ఒక్క మాట పలుకుడు. గుఱ్ఱమునకు మనుష్యుని గొంతు తెలియును, చక్రపు చప్పుడు తెలియదు.” మోచేతి గాయము వారములో మానినది. ఆ మాట మానలేదు. ఆ యుదయమున ఆ డొంక నిశ్శబ్దమును చెడగొట్టినది మేమే గదా!

ఇట్టిదే పెద్దయెత్తున సర్రే సీమకు జరిగినది. 2012 ఒలింపిక్ క్రీడలలో సైకిలు పందెము డార్కింగ్ దగ్గరి బాక్స్ హిల్ కొండపై జరిగినది. పురుషులు తొమ్మిదిమార్లు, స్త్రీలు రెండుమార్లు ఆ కొండను చుట్టిరి. లోకమంతయు ఆ వంకరదారిని చూచెను; తరువాత లోకములో కొంతభాగము సైకిళ్ళతో అచ్చటికి తరలివచ్చెను. 2013 నుండి 2019 వరకు ఏటేట రస్తాలు మూసి జరిపిన మహాయాత్రలో వేలకొలది జనము పాల్గొనిరి. దానధర్మములకు ధనము చేకూరినమాట నిజము. గడపదాటుటకు వీలులేక ఊరివారు విసిగినమాటయు నిజము. 2022లో ఆ యాత్ర ఎసెక్స్ సీమకు తరలిపోయినది.

నిశ్శబ్దము విచిత్రమైన ఆస్తి. దానిని పొగడినకొలది జనము వచ్చును. జనము వచ్చినకొలది అది తరుగును. అట్లని ఫోర్‌స్టర్ మొదట తలచినట్లు కంచె వేసికొని దాచుకొందమా? మందలు తోలినవారు, బండ్లు నడిపినవారు, నడచినవారు అందరును కలిసి అరుగదీయగా ఏర్పడిన దారి అది. ఏ యొక్కనిదియు కాదు. మలుపువద్ద వేగము తగ్గించుట, ఒకరి వెనుక నొకరుగా పోవుట, గుఱ్ఱమును చూచి ఆగి పలుకరించుట, వెనుక బండి వేచియున్నచో అనువైన చోట ప్రక్కకు ఒదుగుట, ఊరి యంగడిలో పావలా ఖర్చుపెట్టి నాలుగు మాటలాడి పోవుట—ఇవియే మా మూడవ ప్రశ్నకు మాకు దొరికిన సమాధానములు. ఇవి చిన్నపనులే. కాని ఆ డొంకలు గూడ ఒక్కొక్క గిట్ట వేటుతో, ఒక్కొక్క వానచినుకుతో ఏర్పడినవే గదా.